కోడిపిల్లలకు కాయం

మార్గశిర మాసం, గురువారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా యారాలు చేతిలోని చీపురు విసిరి కొట్టింది. అక్కడ మొదలైంది.

ఏదైనా జరిగితే నేను ముందు గడియారం చూస్తాను, తర్వాత ఏం జరిగిందో చూస్తాను. అందుకే టైము గట్టిగా చెప్పగలుగుతున్నాను. చీపురు వెళ్ళి ఖాళీ మేత తొట్లకు తగిలి, తొట్లు ఒకదాని మీద ఒకటి దొర్లి, చివరిది షెడ్డు గేటు దాటి పెద్దపల్లి రోడ్డు దాకా వెళ్ళింది. దాని వెనుక నేను పరుగెత్తాను. నాకప్పుడు అరవై ఎనిమిదేళ్ళు.

యారాలంటే మా మరిది భార్య. నాకన్నా ఆరేళ్ళు చిన్నది. పుట్టిల్లు ఉట్నూర్ వైపు. కోపం వచ్చినా సంతోషం వచ్చినా నోట్లోంచి రెండు మరాఠీ మాటలు దొర్లుతాయి. మగవాళ్ళు పొలం చూసుకుంటారు, కోళ్ళ షెడ్డు మా ఇద్దరిది. పదకొండేళ్ళుగా ఆ షెడ్డులో మేమిద్దరం పోట్లాడుకుంటూ బ్రాయిలర్ కోళ్ళను పెంచుతున్నాం.

తొట్టి పట్టుకుని రొప్పుతూ తిరిగి వచ్చేసరికి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, ఇగ నాతోని కాదు. బస్ ఝాలా. షెడ్డు కంపెనీకి ఇచ్చేద్దాం."

"ఏమైందే పొద్దుపొద్దున?"

"ఏమైందా? నడుం పోయింది. మక్కలు నువ్వు బేరం చెయ్యాలె, సోయా చెక్క నేను మొయ్యాలె, దాణా మరకు ఇద్దరం పోవాలె. కోళ్ళకు చేసినంత చాకిరి నా మొగనికి చెయ్యలే."

"మా మరిది ఏం బక్కగయ్యిండే? ఆయనను కాంటా ఎక్కిస్తే కాంటా తెగుతది."

ఆమె నవ్వలేదు. అంటే మాట ఖాయమన్నట్టు.

కంపెనీకి ఇవ్వడమంటే ఇదీ. పిల్లల్ని వాళ్ళే తెచ్చి వదులుతారు. దాణా వాళ్ళది, మందులు వాళ్ళవి, కోళ్ళను ఎత్తుకుపోయే లారీ కూడా వాళ్ళదే. షెడ్డు, కరెంటు, ఊడ్చే చేతులు మనవి. కిలోకు ఇంతని కూలి ఇస్తారు. నష్టం వస్తే వాళ్ళది, కాబట్టి మాట కూడా వాళ్ళదే. మా చుట్టుపక్కల చాలామంది ఇచ్చేశారు, హాయిగా ఉన్నారు. యారాలు అడిగిందాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ షెడ్డులో ఏ తొట్టి ఎక్కడ ఉండాలో పదకొండేళ్ళుగా నేను చెబుతున్నాను. ఈ వయసులో ఇంకెవరో మోటార్‌ సైకిల్ దిగి, "అమ్మా, ఈ తొట్టి జర అటు జరుపు" అంటే జరపడం నా వల్ల కాదు. నా బాధ అంతే. అంతకు మించి గొప్ప కారణమేదీ లేదు.

అదే వారం ఇంకో సంగతి నా బుర్రలో తిరుగుతూ ఉంది. మేకలకు టీకాలు వెయ్యడానికి వచ్చిన పశువుల డాక్టరమ్మ మా షెడ్డు చూసి, దాణాలో ఏం కలుపుతున్నారని అడిగింది. అన్నీ చెప్పాను. చివర్లో గ్రోత్ మందు అన్నాను. మరలో దాణా ఆడించేటప్పుడు ఒక ప్యాకెట్ పోస్తారు. దాంతో కోడి తొందరగా బరువు పెరుగుతుంది. అందరూ పోస్తారు, మేమూ పోశాం.

"అమ్మా, గది రోగాలకు వాడే మందే. రోగం లేకున్నా రోజూ చిటికెడు పెడుతున్నరన్నట్టు," అంది ఆమె. "అంత కొంచెం మందుకు క్రిములు చావయి. తట్టుకునుడు నేర్చుకుంటయి. రేపు కోడికో మనిషికో నిజంగ రోగమొస్తే అదే మందు పనిచెయ్యది."

నాకు ఆ క్రిముల సంగతి పూర్తిగా అర్థం కాలేదు గానీ ఒక మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. రోగం లేనప్పుడు మందు. జమ లేకుండా ఖర్చు రాసినట్టు. ఇన్నేళ్ళు ఆ ప్యాకెట్ ఎందుకు పోస్తున్నామో నేను ఒక్కసారీ అడగలేదే అని నాకు నా మీదే చిరాకు వేసింది.

"మరి గది బంద్ చేస్తే?" అని అడిగాను.

దానికి బదులు వేరేవి ఉన్నాయంది. పెరుగులో ఉండేలాంటి మంచి క్రిములు కొన్ని. నీళ్ళలో కలిపే పులుపు కొన్ని. వెల్లుల్లి, వాము, పసుపు లాంటివి కొన్ని. కోడి పేగులు బాగుంటే తిన్నది ఒంటబడుతుంది, అసలు కిటుకు అదేనంది. బరువు మాత్రం కాస్త తగ్గవచ్చని ముందే చెప్పింది.

వెల్లుల్లి, వాము, పసుపు అనగానే నాకు నవ్వొచ్చింది. నలుగురు కూతుళ్ళకు, కోడళ్ళకు నా చేత్తో పురుళ్ళు పోశాను. బాలింతకు పెట్టే కాయంలో ఉండేవి అవే గదా! వాటికి శొంఠి, మిరియాలు చేర్చి, నేతిలో వేయించి, దంచి ముద్ద చేస్తే కాయం. ఈ డాక్టరమ్మ ఇంత చదువు చదివి మా కోడిపిల్లలను బాలింతలను చెయ్యమంటోంది!

సరే, చీపురు దగ్గరికి వద్దాం.

"ఒక్క బ్యాచ్," అన్నాను యారాలితో. "ఒక్క బ్యాచ్ నా ఇష్టం. ఆ గ్రోత్ మందు లేకుండ పెంచుత. నలభై రెండో రోజు సగటున కోడి రెండు కిలోలు తూగితే షెడ్డు మనదే. తూగకపోతే కంపెనీకి నేనే ఫోన్ చేస్త."

"ఒక్క గ్రాము తక్కువైనా?"

"ఒక్క గ్రాము తక్కువైనా."

"తర్వాత ఏడవద్దు మల్ల."

"నాలుగు గంటలు మేత ఆపి తూచుదాం. కడుపుల ఉన్న దాణాను తూచుడు గాదు," అన్నాను. ఆ షరతు కూడా నేనే పెట్టాను. నోరు ఊరుకోదు కదా!

మందు పోసిన బ్యాచులు మాకు ఎప్పుడూ రెండు కిలోలు దాటేవి. ఆమె చీపురు ఏరుకుని పాట అందుకుంది. షెడ్డు అప్పుడే ఇచ్చేసినట్టు పాడింది.

పదిహేను వందల పిల్లలు వచ్చాయి. వచ్చే ముందు రోజు మరలో మా దాణా ఆడిస్తుంటే, ఆడించే ఆయన అలవాటుగా ఆ ప్యాకెట్ చింపబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"గది వద్దు. దీంట్లది పొయ్యి," అని సంచి విప్పాను.

ఆయన వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏందమ్మా గిది? కోళ్ళకా, కోడలికా?"

"కోళ్ళకే. జర మంచిగ కలుపు."

"కలుపుత గని, నా మర గింతసేపు ఓమ వాసనొస్తే మా ఇంటామె నాకు పురుడు వచ్చిందనుకుంటది."

యారాలు నేల మీద కూర్చుని నవ్వింది. పందెంలో నా ఎదురుపక్షం ఆమె. ఎదురుపక్షానికి ఇంత సంతోషం ఉండకూడదని అప్పుడే అనిపించింది.

కొలత దగ్గర మాకు పేచీ వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది క్వింటాలు దాణాకు ఎండు వెల్లుల్లి పొడి అరకిలో, వాము, పసుపు అంతకన్నా తక్కువ. శొంఠి, మిరియాల మాటే ఎత్తలేదు. నాకది పిసినారితనంలా తోచింది. బాలింతకు ఇంత ముద్ద పెడతాం గదా! కానీ కొలత కొలతే. ఆమె అరకిలో అంటే నేను ఐదు వందల గ్రాములు తూచాను. యారాలు మాత్రం, "శొంఠి లేని కాయం ఎక్కడన్న ఉన్నదా?" అని నన్ను చూడనివ్వకుండా పిడికెడు శొంఠి పోసింది. నేను చూశాను. చూసీ ఊరుకున్నాను, ఎందుకంటే నాకూ శొంఠి లేకపోతే మనసు ఒప్పలేదు.

నీళ్ళదింకో తమాషా. రోజూ ట్యాంకులో బ్లీచింగ్ వేస్తాం, క్రిములు చావాలని. ఇప్పుడేమో మంచి క్రిముల కోసం చల్ల కలపాలి. బ్లీచింగ్ వేసిన నీళ్ళలో చల్ల పోస్తే ఆ మంచివీ చస్తాయని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అందుకని ఒకరోజు బ్లీచింగ్ నీళ్ళు, ఇంకోరోజు ఉత్త బోరు నీళ్ళలో చల్ల.

"ఒక చేత్తోని పెంచుడు, ఇంకో చేత్తోని సంపుడు," అంది యారాలు. "గీ క్రిములు నీ అసొంటి అత్త చేతుల పడ్డయి. పాపం."

"నీ అసొంటి కోడలు చేతుల పడలే, సంతోషం."

మూడు రోజులు అంతా బాగుంది. పిల్లలు పసుపుపచ్చ బంతుల్లా దొర్లుతున్నాయి, తింటున్నాయి, నిద్రపోతున్నాయి. నాలుగో రోజు మేం చేసిన పని మా ఊళ్ళో ఇంకెవరూ చేసేవాళ్ళు కాదేమో, కానీ పురుళ్ళు పోసిన ఏ ఇద్దరు ముసలమ్మలనైనా కోళ్ళ షెడ్డులో వదిలితే తప్పకుండా చేస్తారు.

ఆ రోజు చలి ఎక్కువగా ఉంది. పరదాలు దించాం. ఒక మూల పది పిల్లలు ముక్కు చీదుతున్నట్టు అనిపించింది. యారాలు అంది, "అక్కా, కాయం పెట్టినం. పొగ వెయ్యలేదు గదా?"

పసిపిల్లకు, బాలింతకు నీళ్ళు పోసిన తర్వాత నిప్పుల మీద వాము, సాంబ్రాణి వేసి పొగ పడతాం. పడిశం రాకూడదని. నిజమే గదా, కాయం పెట్టి పొగ వెయ్యకపోవడమేంటి? నాకు అది లెక్క తప్పినట్టే అనిపించింది. పొద్దు గుంకే వేళకు ఇద్దరం రెండు మట్టి మూకుళ్ళలో నిప్పులు తెచ్చి, వాము, సాంబ్రాణి చల్లి, ఈ కొస నుంచి నేను, ఆ కొస నుంచి ఆమె, పెళ్ళిలో హారతి పట్టినట్టు షెడ్డంతా తిరిగాం. పొగ ఘుమఘుమలాడింది. "జో జో" అని యారాలు జోలపాట కూడా ఎత్తుకుంది. నేను శ్రుతి కలిపాను. అంత సంతోషంగా నేను ఏ మనవరాలికీ పొగ పట్టలేదు.

పిల్లలకు పాట నచ్చలేదు. పొగ రెండు కొసల నుంచీ వస్తుంటే అవి నడుమకు పరుగెత్తాయి. నడుమ నుంచి గోడ పక్కకు పరుగెత్తాయి. అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మేం మూకుళ్ళు బయట పారేసి, పరదాలెత్తి, రెండు చేతులతో కుప్పలోంచి పిల్లల్ని తీసి తీసి వెనక్కి విసిరాం. పైనున్నవన్నీ బతికాయి. అడుగున ఉన్న ముప్పై ఒకటి ఊపిరాడక చనిపోయాయి.

యారాలు వాటిని ఊక మీద వరుసగా పెట్టి ఏడ్చింది. నేను లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. ఇద్దరి దుఃఖం ఒకటే, దారులు వేరు.

మర్నాడు డాక్టరమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె మెల్లగా అడిగింది, "అమ్మా, కోడిపిల్లలకు నీళ్ళు కూడ పోసిర్రా?"

"లేదు."

"మంచిది. ఊయల?"

"లేదమ్మా."

"మంచిది. ఇగ దాణా మించి ఏం చెయ్యకుండ్రి. అవి కోళ్ళు."

ఫోన్ పెట్టేసి, "అవి కోళ్ళంట," అన్నాను యారాలితో. ఆమె కన్నీళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకూడని రోజు అది. ఆపుకోలేక ఊక బస్తా మీద ఇద్దరం ఒరిగిపోయాం.

ఆ పొగ వాసన వారం పోలేదు. దానికి తోడు ఎండబెట్టిన వెల్లుల్లి ఇంటి ముందే దంచుతున్నాం. రోడ్డు మీద పోయే ప్రతి ఒక్కరూ ముక్కెగరేసి, "ఎవరు నీళ్ళాడిర్రు?" అని అడగడమే. ప్రసవం అయిందా అని. తొమ్మిదో రోజు మంథని నుంచి దూరపు చుట్టం, వరసకు మాకు మేనత్త, బస్సు దిగి సంచి పట్టుకుని నేరుగా లోపలికి వచ్చింది. ఆమెకు ఎవరు చెప్పారో ఏమో. సంచిలోంచి పసిబిడ్డ తలకు ఉన్ని కుల్ల, చిన్న చొక్కా, రవికె గుడ్డ తీసి చాప మీద పెట్టింది.

"ఏదే, బిడ్డను చూపియ్యి. ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

యారాలి ముఖం మీద ఒక్క గీత కదలలేదు. "రెండూ ఉన్నయి అత్తా."

"అమ్మో, కవలలా!"

"కవలలు గాదు. పదిహేను వందలు."

"పద్నాలుగు వందల అరవై రెండు," అన్నాను నేను. పొగకు పోయినవి, మొదటి వారంలో మామూలుగా పోయిన ఏడు తీసేస్తే అదే లెక్క.

మేనత్త మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూసింది. షెడ్డుకు తీసుకెళ్ళి చూపించాం. ఆమె చూసి, ఇంట్లోకి తిరిగి వచ్చింది. తర్వాత కుల్ల, చొక్కా తిరిగి సంచిలో పెట్టుకుంది. రవికె గుడ్డ మాత్రం ఉంచేసింది. ఎవరికని మేం అడగలేదు. దాన్ని యారాలే కుట్టించుకుంది, మూడో తూకానికి కొత్త రవికె తొడుక్కుని వచ్చింది.

తూకాలు ప్రతి వారం. ఏడో రోజు నూట ముప్పై ఎనిమిది గ్రాములు. ఇరవై ఒకటో రోజు ఏడు వందల ఇరవై. ఎప్పటి బ్యాచులతో పోలిస్తే వెనుకబడే ఉన్నాం. నేను లోలోపల బెంగపడ్డాను. యారాలు ఎగతాళి చేస్తుందనుకుంటే, మూడో తూకం తర్వాత షెడ్డు నడుమ నిలబడి కళ్ళు మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది.

"కాయ్ ఝాలా?" అన్నాను. ఏమైందని ఆమె మాటల్లోనే.

"అక్కా, కండ్లు మండుత లేవు."

నిజం. ఆ వయసు వచ్చిన బ్యాచ్‌లో ఊక తడిసి, రెట్ట ఘాటు లేచి, లోపలికి వెళితే కళ్ళల్లో నీళ్ళు కారేవి. ఇన్నేళ్ళుగా షెడ్డంటే అంతే అనుకున్నాం. ఇప్పుడు ఊక పిడికిట్లో పట్టుకుంటే పొడిపొడిగా జారుతోంది. పేగులు బాగున్నాయన్నమాట. డాక్టరమ్మ చెప్పిన కిటుకు మా కళ్ళ దాకా వచ్చింది.

ఆ రోజు నుంచి యారాలి తీరు మారింది. నేను నిద్ర లేచేసరికి వెల్లుల్లి వలిచి ఉండేది. వేళ్ళు పొట్టు లేచి ఎర్రబడితే గుడ్డ చుట్టుకుని వలిచింది. ఉట్నూర్‌లో తమ్ముడికి ఫోన్ చేసి, "మంచి పసుపు పంపురా, దుకాణం పసుపు గాదు, మన చేన్ల పసుపు," అని దబాయించింది. అతను బస్తా కట్టి జీపులో వేసి పంపాడు. నీళ్ళ కోసం వచ్చిన ఆడవాళ్ళకు, "గిది మా పుట్టింటి పద్ధతి," అని చెబుతుంటే విన్నాను. పందెం ఎవరు కాసింది, ఎవరికి ఎదురు కాసింది ఆమెకే గుర్తున్నట్టు లేదు.

"ఏమే, నువ్వు ఓడాలె గదా?" అన్నాను ఒకరోజు.

"నేనెందుకు ఓడుత? నువ్వు ఓడుతవు. కంపెనీ ఆయనకు రమ్మని చెప్పిన నలభై మూడో రోజుకు."

"మరి ఎల్లిగడ్డ ఎందుకు వలుస్తున్నవు?"

"నా ఇష్టం. ఎల్లిగడ్డ నీ సొత్తా?"

ముప్పై ఐదో రోజు పదిహేను వందల అరవై గ్రాములు. వారంలో నాలుగు వందల నలభై గ్రాములు పెరగాలి. పెరగవచ్చు, పెరగకపోవచ్చు. ఆ వారమంతా నేను రోజూ రెండుసార్లు లెక్క వేసుకున్నాను. యారాలు కోళ్ళ దగ్గర కూర్చుని, "తినుండ్రే, సిగ్గుపడకుండ్రి, మీ ఇల్లే అనుకోండ్రి," అని పెళ్ళివారిని బతిమాలినట్టు బతిమాలేది.

నలభై రెండో రోజు. ఉదయం ఐదు గంటలకు మేత తొట్లు పైకి కట్టేసి, తొమ్మిది గంటలకు తూకం అని అనుకున్నాం. తొట్లు కట్టే పని ఆమెది. తొమ్మిదికి నేను కాంటా పట్టుకుని వెళ్ళాను. షెడ్డులో ఐదు చోట్ల నుంచి పదేసి చొప్పున యాభై కోళ్ళు పట్టాం. తూచినదాన్ని మళ్ళీ తూచకుండా ఒక్కోదాని వీపు మీద పసుపు బొట్టు పెట్టాం. పది పది కలిపి బుట్టలో వేసి, బుట్ట బరువు తీసేసి, కూడిక వేశాను.

నూరు కిలోల ఆరు వందల గ్రాములు. యాభైతో భాగిస్తే రెండు కిలోల పన్నెండు గ్రాములు.

యారాలు కేక వేసి ఎగిరింది. ఓడిన మనిషి అలా ఎగరడం నేను ఎక్కడా చూడలేదు. నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. నేనూ తిరిగాను. కొంగు కాంటాకు చుట్టుకుని ఇద్దరం పడబోయి, పట్టుకోవడానికి దొరికింది బుట్టలో ఉన్న ఆఖరి కోడే. దాన్ని పట్టుకున్నాను. అప్పుడు నా వేళ్ళకు తగిలింది. మెడ కింద సంచి గట్టిగా, నిండుగా ఉంది. నాలుగు గంటలు తినని కోడికి అది ఖాళీగా వేలాడాలి.

ఇంకోదాన్ని పట్టాను. నిండుగా ఉంది. ఇంకోదాన్ని. అదీ అంతే.

"ఏమే."

"ఏంది?"

"తొట్లు ఎప్పుడు కట్టినవు?"

"ఐదింటికే."

"నా మొకం చూసి చెప్పు."

ఆమె పైకప్పు చూసింది, కాంటా చూసింది, తన కొత్త రవికె చేతులు చూసుకుంది. "మల్ల ఎనిమిదింటికి దించిన. జరంతసేపే, మల్ల కట్టిన. పాపం, అవి నా దిక్కే చూస్తుంటే ఎట్ల ఊకోవాలె?"

"ఎవలు గెలవాలనే దించినవు?"

"ఫికర్ చెయ్యకు అక్కా. రెండు కిలోలు దాటె. అయిపాయె."

అయిపోలేదు. తొట్లు మళ్ళీ దించనివ్వలేదు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా వాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె వచ్చి బతిమాలింది, తిట్టింది, అన్నం తెచ్చింది. నీ అంత మొండి మనిషి ఈ జిల్లాలో లేదంది, పక్క జిల్లాలో కూడా లేదంది. ఒంటిగంటకు పసుపు బొట్టు ఉన్న ఆ యాభైనే మళ్ళీ పట్టి తూచాను.

తొంభై ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు. కోడికి పందొమ్మిది వందల అరవై నాలుగు.

ఓడిపోయాను. ముప్పై ఆరు గ్రాములకు. ఆ ముప్పై ఆరు గ్రాములు ఎంత అని చూద్దామని వంటింట్లో చింతపండు తూచి చూశాను. నిమ్మకాయంత ముద్ద. దానికే షెడ్డు పోతోంది! విచిత్రంగా నాకు ఏడుపు రాలేదు. తల తేలికైపోయి గాల్లో నడుస్తున్నట్టు ఉంది. మాట ఇచ్చాను, కాంటా చెప్పింది, ఇక చేసేదేముంది? యారాలే కొరడా దెబ్బ తిన్నట్టు ముఖం పెట్టుకుని, గెలిచిన కోపంతో ఆ సాయంత్రం చేతికందిన గిన్నెనల్లా ధడేలున పెట్టింది.

మర్నాడు కంపెనీ సూపర్‌వైజర్ చెప్పిన టైముకే వచ్చాడు. మర్యాదస్తుడు. కాగితాల సంచి, కొలిచే టేపు తెచ్చుకున్నాడు. నేను గేటు దగ్గరికి ఎదురెళ్ళాను. నా వెనుక యారాలు.

"సార్," అని మొదలుపెట్టాను, "మేము అనుకున్నది రెండు కిలోలు. తూకంల వచ్చింది పందొమ్మిది వందల..."

ఆమె నా కాలు తొక్కింది. గట్టిగా.

"రెండు కిలోలు దాటింది సార్," అంది. "మీకు శ్రమ ఇచ్చినం. షెడ్డు ఇస్తలేం."

"లేదు సార్, పందొమ్మిది వందల అరవై..."

"మా అక్క మాట పట్టించుకోకుండ్రి. పెద్దమనిషి. ఈ మధ్యన లెక్క తప్పుతున్నది."

లెక్క తప్పుతున్నది! నాకు! ఎనిమిదో తరగతి నుంచి ఇప్పటిదాకా నా కూడికలో తప్పు పట్టినవాళ్ళు లేరు. పాలకేంద్రంలో, బియ్యం మిల్లులో, పెళ్ళిళ్ళలో నా లెక్కను ఎవరూ మళ్ళీ చూసుకోరు. నోరు తెరిచాను. నవ్వు వస్తోంది. కడుపులోంచి వస్తోంది. పళ్ళు బిగబట్టి ఆపాను.

సూపర్‌వైజర్ మా ఇద్దరినీ చూసి, షెడ్డులోకి నడిచి, ఒక కోడిని కాళ్ళు పట్టి ఎత్తి చేతిలో ఊపి చూశాడు. "ఉంటది, రెండు కిలోలు ఉంటది," అన్నాడు. తర్వాత ఊపిరి గట్టిగా పీల్చాడు. "వాసన లేదేందమ్మా మీ షెడ్డుల?" అని, మళ్ళీ పీల్చి, "ఓమ వాసనొస్తున్నది," అన్నాడు. టేపు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బండి చప్పుడు ఆగేదాకా ఆగి అడిగాను. "నువ్వు గెలిచినవు గదనే. ఎందుకు?"

"గెలిస్తే నాకేమొచ్చె? పొద్దుగూకులు ఆయన చెప్పినట్టు ఊడ్వాల్నా? నువ్వు చెప్తేనే ఊడ్వబుద్ధి గాదు."

"మరి నడుం?"

"నడుం నొస్తది. మరకు ఇగ నుంచి మా ఆయన పోతడు. చెప్పేసిన. సోయా బస్తా మోస్తే ఆయన పొట్ట కూడ తగ్గుతది."

"పందొమ్మిది వందల అరవై నాలుగే, తెలుసా?"

"తెలుసు. వచ్చేసారి పొగ వెయ్యకుంటే రెండు వేల నలభై వస్తది చూడు."

అప్పుడు నేను ఆపుకున్న నవ్వంతా బయటికి వచ్చింది. గేటు పట్టుకుని నవ్వాను. ఆమె గేటుకు అటువైపు పట్టుకుని నవ్వింది. గేటు ఊగింది. రోడ్డు మీద పోతున్న ఆడమనిషి ఆగి, ఈ ఇంట్లో మళ్ళీ ఎవరైనా నీళ్ళాడారా అని అడిగింది.

ఊరంతా ఇప్పుడు మా కోళ్ళు రెండు కిలోలు దాటాయనే చెప్పుకుంటారు. ఎవరైనా నా ముందు ఆ మాట అంటే నేను గోడ వైపు చూస్తాను.

ఆ బ్యాచ్‌లో పోయినవి ఇవి:

పొగకు కోడిపిల్లలు, ముప్పై ఒకటి.
మామూలుగా పోయినవి, ఇరవై ఎనిమిది.
వెల్లుల్లి, పచ్చిది ఎనభై రెండు కిలోలు.
మట్టి మూకుళ్ళు, రెండు.
స్టీలు గరిటె, దాణా మరలో పడి, ఒకటి.
యారాలి వేళ్ళ మీద తోలు, రెండు చేతులదీ.
నా లెక్క తప్పదన్న పేరు.
రెండు కిలోలకు, కోడికి ముప్పై ఆరు గ్రాములు.